ముఖం కదపకుండా చెప్పిన మాట

మార్కెట్ వీధి, జెరాక్స్ షాపు లోపల
ఎండలు మొదలైన వారం

చెల్లీ,

రాస్తున్నది జెరాక్స్ షాపాయన. చెప్తున్నది నేను. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని మెత్తబడకు, మాటలు నావే.

పోయిన ఆదివారం నీ దగ్గరికి వచ్చాను. బస్సులో దారి పొడుగునా నిలబడే వచ్చాను. గేటు దగ్గర వాచ్‌మన్ సంతకం పెట్టమంటే వేలిముద్ర వేశాను. మెట్లెక్కి నీ గది ముందుకొచ్చేసరికి నువ్వు మంచం మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నావు. తలెత్తావు. నన్ను చూశావు. చూడలేదని మాత్రం అనకు, నీ చెవులు పనిచెయ్యవు గానీ నీ కళ్ళు నలుగురి కళ్ళ పెట్టు. లేచి వచ్చి తలుపు మూశావు. విసురుగా వేసినా బాధ ఉండేది కాదు. పేపరువాడు బిల్లు ఇచ్చి వెళ్ళాక మూసినంత నిదానంగా మూశావు.

తలుపు కొట్టాను. నువ్వు వినవని తెలిసీ కొట్టాను. నీ వరసలో ఉన్న గదులన్నిటి తలుపులూ తెరుచుకున్నాయి, నీది తప్ప. ఆ తర్వాత నేల మీద కూర్చుని, తలుపు కింది సందులోంచి చెయ్యి లోపలికి పెట్టి వేళ్ళు ఆడించాను, చిన్నప్పుడు నిన్ను పిలిచినట్టు. నా వేళ్ళ మీద నీ నీడ పడింది. నువ్వు అక్కడే నిలబడ్డావు. వంగలేదు.

పైవాటా అమ్మాయి ఫోనులో వీడియో కాల్ చేయిస్తే కట్ చేశావు. మళ్ళీ చేయిస్తే మళ్ళీ కట్ చేశావు. నేనేం చేశానే నీకు?

నిజానికి అలగాల్సింది నేను. నీ కొడుకు వచ్చి, 'పెద్దమ్మా, నువ్వు రమ్మన్నావని చెప్పాను, అమ్మ ఒప్పుకోలేదు, ఆ పెద్దవాళ్ళ వసతి గృహానికే వెళ్తానంది, అక్కడ సైగలతో మాట్లాడేవాళ్ళు ఉన్నారట' అన్నాడు. సరే, దానికి దాని మనుషులు దొరికారు, నాతో పనేముంది అనుకుని నేను నోరు మూసుకున్నాను. నీ మీద అలిగి, ఆ అలకంతా నీ ముందు కుమ్మరిద్దామని బస్సెక్కి వచ్చాను. వచ్చి చూస్తే నువ్వే ముందు అలిగి కూర్చున్నావు.

కారణం రాయి. తిట్లైనా సరే రాయి. ఇతను చదివి వినిపిస్తాడు. 'తిట్లయితే మెల్లగా చదువుతాను అమ్మా' అంటున్నాడు. గట్టిగానే చదవమన్నాను.

నీ అక్క


వసతి గృహం, రెండో అంతస్తు, చివరి గది

అక్కకి,

నీ ఉత్తరం అందింది. షాపాయన చేతిరాత బాగుంది, కామాలు కూడా పెడతాడు. నా జవాబు అతను చదివేటప్పుడు షాపులో ఎవరెవరు నిలబడి ఉంటారో నాకు తెలియదు. అందుకని తక్కువ రాస్తాను.

మా బాబు తీసి పెట్టే పాఠాలు ఫోనులో రోజూ చూస్తాను. నువ్వు చూడవు కాబట్టి చెప్తున్నాను. వాడు ఫోటోలు తీయడం నేర్పే పద్ధతి వేరు. ముందు కెమెరా చేతిలోకి తీసుకుని ఏ మీట నొక్కాలో చూపిస్తాడు. చూపించాక చేతులు ఆపుతాడు. అప్పుడు తలెత్తి, మన వైపు తిరిగి, నోరు పూర్తిగా విప్పి చెప్తాడు. చెప్పడం అయ్యాక మళ్ళీ చేతులు. చూపిస్తూ మాట్లాడడు, మాట్లాడుతూ తల వంచడు. ఒక్క మాట పోదు. ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదని కింద ఎంతమంది రాస్తారో. అవన్నీ చదువుతాను.

వాటిలో కిటికీ వెలుతురు మీద ఒక పాఠం ఉంది. అందులో నువ్వున్నావు. నీ ముందుగది, అద్దాల బీరువా, దాని ముందు కుర్చీలో నువ్వు. నీ మాట వినిపించకుండా తీసేసి, బాబు తన గొంతు పెట్టాడని ఇక్కడి నర్సు చెప్పింది. నాకు ఎవరి గొంతుతోనూ పని లేదు. నీ నోరు చూశాను.

నువ్వు అన్నది ఇది. 'ఇంట్లో ఉంటే పాఠం రికార్డు కాదు. తను చేసే చప్పుడు తనకే తెలియదు. ఎక్కడైనా చేర్పిస్తే సరి. వినపడని మనిషికి ఏ గోడలైనా ఒకటే.'

నువ్వు తిట్టినా, వెక్కిరించినా, ఏడ్చినా నీ ముఖం చూసి నాకు తెలుస్తుంది. ఆ రోజు నీ ముఖంలో ఏమీ లేదు. రాయి. మనసులో నిజంగా అనుకుంటున్న మాటని మనిషి అలాగే అంటాడు.

ఇక రాకు.

చెల్లెలు


జెరాక్స్ షాపు, కరెంటు పోయిన మధ్యాహ్నం

చెల్లీ,

షాపులో ఎవరూ ఉండని వేళ చూసుకుని వచ్చాను. కరెంటు లేదు, మిషన్లు నడవవు, ఎవరూ రారు. నీ పరువు కోసం నేనూ ఇతనూ చెమటలు కారుస్తూ కూర్చున్నాం. నీ ఉత్తరం చదివి ఇతను కళ్ళజోడు తీసి తుడుచుకుని, 'ఇలా అన్నారా అమ్మా' అని నన్ను నిలదీశాడు. నోరు మూసుకుని రాయి అన్నాను. అది కూడా రాసేశాడు చూడు.

అన్నాను. ఆ మాటలు నా నోట్లోంచే వచ్చాయి. ఎలా వచ్చాయో ఇప్పుడు చెప్తాను.

నీ కొడుకుని ఇకనుంచి మేష్టారు అంటాను. మావాడు అనడానికి నోరు రావడం లేదు. ఆ రోజు మేష్టారు మూడు కాళ్ళ స్టాండు, తెల్లటి థర్మాకోల్ అట్ట మోసుకుని నా ఇంటికి వచ్చాడు. 'పెద్దమ్మా, నీ ముందుగదిలో వెలుతురు ఊళ్ళో ఎక్కడా లేదు, నీ ముడతల్లాంటి ముడతలూ ఎక్కడా లేవు' అన్నాడు. పొగిడాడో తిట్టాడో నాకు అర్థం కాలేదు, నవ్వాను. పక్కనుంచి వెలుతురు పడితే ముఖం మీద ప్రతి గీతా ఎలా లేచి కనిపిస్తుందో పాఠం చెప్పాలట. దానికి ముఖం కదలకూడదట. 'మాట్లాడితే మాట్లాడుకో, గొంతు ఎలాగూ తీసేస్తాను. పెదవులు ఆడినా ఫర్వాలేదు. కనుబొమలు ఎగరెయ్యకు, తల తిప్పకు, మూతి వంకర పెట్టకు' అన్నాడు. నేను బతికిందే ఆ మూడింటి మీద. అయినా సరే అన్నాను. వెనక బీరువా అద్దాలకి దుప్పటి కప్పనా అని అడిగాను. వెనకదంతా మసగ్గా పోతుంది, అక్కర్లేదన్నాడు.

కుర్చీలో కూర్చున్నాను. కెమెరా నడుస్తోంది. అప్పుడు, నేను కదలకూడని ఆ వేళ చూసుకుని, కెమెరా పక్కన నిలబడి నీ సంగతి ఎత్తాడు. ఆ మాటలు వాడివి. వాడి ఇంట్లో పాఠం రికార్డు కాదట. నువ్వు చేసే చప్పుడు నీకే తెలియదట. ఎక్కడైనా చేర్పిస్తే సరట. వినపడని మనిషికి ఏ గోడలైనా ఒకటేనట.

నేనేం చేశాను? వాడన్న ఒక్కో మాటా తిరిగి పలికి వాడి ముందు పెట్టాను. నువ్వన్నది నీ చెవులతో నువ్వే విను అన్నట్టు. నా గొంతులో ఎంత విషం ఉందో వాడికి తెలుసు, వాడి చెవులు ఎర్రబడ్డాయి. కానీ ముఖం కదపలేదు. కదపొద్దన్నాడు, కదపలేదు. బతుకంతా ఆసుపత్రిలో ఆయాగా చేసినదాన్ని. ఎముక విరిగినవాణ్ణి కదలకుండా పట్టుకోవడం వచ్చు, నన్ను నేను పట్టుకోవడమూ వచ్చు. అంత పనితనం నాకు ఎందుకు అబ్బిందో.

ఆ చివరి మాట అప్పజెప్పి కుర్చీలోంచి లేచాను. థర్మాకోల్ అట్ట రెండు ముక్కలైంది. 'దాన్ని నా దగ్గరికి తీసుకురా, ఈ గది దానిది, ఈ కుర్చీ దానిది, అది ఎంత చప్పుడు చేసుకుంటుందో చేసుకోనీ' అన్నాను. అంతా కెమెరాలో పడింది. ముఖం కదిలింది కాబట్టి అది పాఠానికి పనికిరాదు. ముఖం కదలని ముక్క ఉంచుకుని మిగతాది కోసేశాడు. నీకు పనికొచ్చేది ఆ కోసేసిన ముక్కే.

నీకు చెవులు లేవని నిన్ను బడికి పంపారు. నాకు చెవులున్నాయని నన్ను పనికి పంపారు. నీ అక్షరం నాకు రాదు, నా గొంతు నీకు అందదు. మనిద్దరికీ మధ్య ఉన్నది ఈ ముఖం ఒక్కటే. దాన్ని కదపొద్దని వాడన్నాడు, నేను విన్నాను.

ఆ మొత్తం వీడియో వాణ్ణి అడుగు. అందులో గొంతు ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి. చూస్తే చాలు.

నీ అక్క


వసతి గృహం, రెండో అంతస్తు
తొలి వానలు

అక్కా,

బాబుని అడిగాను.

ఆదివారం వచ్చాడు. కుర్చీ జరుపుకుని, వెలుతురు తన ముఖం మీద పడేలా కూర్చుని, నిదానంగా చెప్పాడు. కెమెరా కార్డులో చోటు చాలక మొత్తం చెరిపేశాడట. పాఠంలో పెట్టిన ముక్క ఒక్కటే మిగిలిందట. 'పెద్దమ్మ ఏమందో నాకు గుర్తు లేదమ్మా, వెలుతురు పోతోందని హడావుడిలో ఉన్నాను' అన్నాడు. కొత్త చెప్పులు తెచ్చాడు. ఎప్పుడూ మెత్తటి రబ్బరువే తెస్తాడు, నా కాళ్ళ మీద ప్రేమ అనుకునేదాన్ని.

నన్ను నీ దగ్గరికి రమ్మన్నావని నాకు ఎవరూ చెప్పలేదు. నీకు ఒంట్లో బాగుండటం లేదని, నన్ను చూసుకునే ఓపిక నీకు లేదని చెప్పాడు. ఇక్కడ సైగలతో మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. పక్క గది ఆవిడ నాకు వినపడదని మరిచిపోయి రోజూ ఏదో చెప్తుంది. గోడ వైపు తిరిగి చెప్తుంది.

నువ్వు చెప్పింది నిజమైతే నా కొడుకు అబద్ధం ఆడుతున్నాడు. వాడు చెప్పింది నిజమైతే నువ్వు ఆడుతున్నావు. ఇద్దరిలో ఒకరిని ఎంచుకోమని నా చేతికిచ్చి మీరిద్దరూ కూర్చున్నారు.

ఒకటి మాత్రం అడుగుతాను, నిజం చెప్పు. నేను ఏం చప్పుడు చేసేదాన్ని? పాఠం ఆగిపోయేంత చప్పుడు ఏం చేసేదాన్ని? వాడితో అన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాను, వాడు ఒక్కరోజు కూడా చెప్పలేదు. చెబితే మానేసేదాన్ని కదా. ఇక్కడ గ్లాసు కింద పెట్టాలన్నా భయంగా ఉంది. రెండు చేతులతో పట్టుకుని పెడుతున్నాను.

చెల్లెలు


జెరాక్స్ షాపు, షట్టర్ సగం దించి

చెల్లీ,

ముందు నువ్వడిగినదానికి జవాబు.

గిన్నె మీద మూత పెడితే నువ్వు పెట్టవు, పడేస్తావు. కుర్చీ జరిపితే పక్కింటివాళ్ళు కిటికీ తెరిచి చూస్తారు. నడిస్తే కాళ్ళీడుస్తావు. కూరగాయలు తరిగేటప్పుడు గొంతులోంచి ఒక మూలుగు తీస్తావు. అది పాటా కాదు, ఏడుపూ కాదు, దానికి పేరు లేదు. పని బాగా సాగుతున్నప్పుడు ఎక్కువవుతుంది. చిన్నప్పుడు మనిద్దరం ఒకే చాప మీద పడుకునేవాళ్ళం కదా, నిద్రలోనూ ఆ మూలుగు తీసేదానివి. నాకు నిద్ర పట్టేది దానితోనే. నీ పెళ్ళై వెళ్ళిపోయాక చాలాకాలం నిద్ర పట్టలేదు. ఇదీ నువ్వు చేసే చప్పుడు. గ్లాసు ఎలా పెట్టాలనిపిస్తే అలా పెట్టు. పగిలితే పగిలింది.

ఇక మేష్టారి సంగతి.

మొన్న వాడి ఇంటికి వెళ్ళాను. చెప్పకుండానే వెళ్ళాను. నీ గది ముందు ఎర్ర బల్బు పెట్టాడు. అది వెలిగితే లోపల పాఠం నడుస్తున్నట్టట, ఎవరూ ఊపిరి తీయకూడదట. బయట స్టూలు మీద కూర్చున్నాను. కాసేపాగి దగ్గాను. కావాలనే దగ్గాను. లోపల పాఠం ఆగింది. మళ్ళీ మొదటినుంచి మొదలైంది. మళ్ళీ దగ్గాను. నీ తరఫున.

'ఎవరది బయట' అన్నాడు.

'చప్పుడు' అన్నాను.

తలుపు తీశాడు. నన్ను చూసి వాడి ముఖం ఎలా అయిందో నీకు చూపించాలి, చెప్పడం నా వల్ల కాదు. లోపలికి వెళ్ళాను. నీ మంచం ఉన్నచోట బల్ల, దాని మీద మూడు కెమెరాలు. గోడలకి కోడిగుడ్ల అట్టల్లాంటి నల్లటి స్పాంజి అంటించాడు. నీ అద్దం తగిలించిన మేకు అలాగే ఉంది, దానికి వైర్లు వేలాడుతున్నాయి.

'చెప్పి రావొచ్చు కదా పెద్దమ్మా.'

'చెప్పొస్తే నువ్వుండవు. ఆ రోజు తీసింది చెరిపేశావా?'

వాడి కళ్ళు కంప్యూటర్ వైపు వెళ్ళి వచ్చాయి. ఉంది చెల్లీ. మొత్తం ఉంది.

'ఇవ్వు.'

'ఇవ్వలేను.'

'ఎందుకివ్వలేవు? నీ గొంతు దానికి వినపడదుగా, నీకేం భయం?'

'నువ్వు కుర్చీలోంచి లేచాక నేను కెమెరా ముందుకొచ్చాను పెద్దమ్మా. నా ముఖం పడింది. నేనేమన్నానో అమ్మ చూస్తే చదివేస్తుంది.'

వాడప్పుడు ఏమన్నాడో నాకు గుర్తుంది. మొన్నటి ఉత్తరంలో నీకు చెప్పలేదు. చెప్పకూడదనే అనుకున్నాను. కానీ ఎవర్ని ఎంచుకోవాలని అడిగావు కాబట్టి చెప్తున్నాను. 'పుట్టినప్పటినుంచీ ఆవిడ ముందు నోరు సాగదీసి సాగదీసి మాట్లాడుతున్నాను, ఇక నావల్ల కాదు, అలిసిపోయాను' అన్నాడు.

మొన్న దానికి జవాబిచ్చాను. 'నీ పాఠాలు స్పష్టంగా ఉన్నాయని ఊరూవాడా మెచ్చుకుంటున్నారే, ఆ చూపించడం, ఆగడం, తలెత్తి చెప్పడం ఎక్కడ నేర్చుకున్నావురా? దాని ముందు సాగదీసిన నోరే ఇవాళ నీకు అన్నం పెడుతోంది' అన్నాను. తల వంచుకున్నాడు.

తర్వాత మెత్తగా మొదలెట్టాడు. 'పెద్దమ్మా, అమ్మకి నీ మీద కోపం వస్తే నువ్వు తట్టుకుంటావు. నువ్వు గట్టిదానివి. అదే నా మీద వస్తే ఆవిడకి ఇంకెవరున్నారు చెప్పు? ఆ మాట నువ్వే అన్నట్టు ఉండనీ' అన్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా తెచ్చుకున్నాడు. నేను ఆయాని, కళ్ళనీళ్ళు తుడిచి తుడిచి అలవాటైనదాన్ని. తుడిచాను కూడా. తుడిచి చెప్పాను, ఉండనివ్వను అని. 'నేను మంచిదాన్ని కాకపోవచ్చు, కానీ అనని మాట మొయ్యను. ఆ పాఠం తీసెయ్, లేదా అక్కడ కింద మెచ్చుకునేవాళ్ళందరికీ నేనే రాయించి పంపిస్తాను, మా దగ్గర జెరాక్స్ షాపాయన ఉన్నాడు' అన్నాను.

తీసేస్తానన్నాడు. తీసేశాడట కూడా, పైవాటా అమ్మాయి చూసి చెప్పింది.

ఇప్పుడు ఎంచుకో.

నీ అక్క


వసతి గృహం, రెండో అంతస్తు

అక్కా,

నువ్వు గెలిచావు. ఆ పాఠం లేదు.

మిగతావీ లేవు. అన్నిటినీ మళ్ళీ తీసి పెట్టాడు. ఇప్పుడు వాటిలో బల్ల, కెమెరా, రెండు చేతులు మాత్రమే కనిపిస్తాయి. ముఖం లేదు. గొంతు ఉందట, ఇదివరకటికంటే బాగుందని నర్సు చెప్పింది. ఎవరి నోటిమీద ఏముందో ఎవరు చదువుతారో అని భయపడినట్టున్నాడు. రెండు ఆదివారాలుగా రాలేదు కూడా.

అక్కా, నాకు ముందే తెలుసు.

నీ వెనక బీరువా ఉంది. మసగ్గా పోతుందని వాడన్నాడన్నావే, ఆ అద్దంలో వాడున్నాడు. కెమెరా పక్కన నిలబడి, కిటికీ వెలుతురు సగం ముఖం మీద పడుతూ. చూసేవాళ్ళెవరికీ అక్కడ మనిషి ఉన్నట్టు కూడా తెలియదు. అద్దంలో మచ్చ అనుకుంటారు. నేను ఆ నోటిని వాడికి పళ్ళు రాకముందు నుంచీ చూస్తున్నాను. ముందు వాడన్నాడు. తర్వాత నువ్వన్నావు. వాడి పెదవుల మీద చూసిన మాటే మళ్ళీ నీ పెదవుల మీద చూశాను. మొదటిసారి చూసినప్పుడే అర్థమైంది. మళ్ళీ మళ్ళీ చూసింది నీ కోసం కాదు. అద్దంలో ఉన్నది వాడు కాకపోతే బాగుండునని.

మరి నీ ముఖం మీద ఎందుకు తలుపు మూశాను అంటావు. ఎవరో ఒకరి మీద మూయకపోతే నేను బతకలేను. వాడి మీద మూస్తే వాడు వెళ్ళిపోతాడు. నీ మీద మూస్తే నువ్వు తలుపు కింద నుంచి చెయ్యి పెడతావు. వాడు పెట్టడు. అది తెలిసే నిన్ను ఎంచుకున్నాను. ఆ రోజు నీ వేళ్ళ ముందే నిలబడి ఉన్నాను. వంగితే అంతా అయిపోతుంది. ఇక నాకు కోప్పడటానికి వాడొక్కడే మిగులుతాడు.

నేను ఏమీ తెలియనట్టు ఉన్నంతకాలం వాడు ఆదివారాలు వచ్చాడు. కూర్చునేది కాసేపే, మాట్లాడేది నాలుగు మాటలే. అసలు మాట్లాడేది పాఠాల్లో. లెన్సుల గురించో, వెలుతురు గురించో, ఏదైతేనేం, రోజూ పొద్దున్నే ఫోను పట్టుకుని కూర్చుంటే నా కొడుకు తలెత్తి నా వైపు చూసి నోరు విప్పి మాట్లాడేవాడు. నాకోసం కాదని తెలుసు. నాకోసమే అన్నట్టు ఉండేది. ఇప్పుడు చేతులు. వాళ్ళ నాన్న చేతులే. వాటితో ఏం చేసుకోను.

నువ్వు నిజం నిలబెట్టుకున్నావు. నేను అబద్ధంతో సర్దుకుని బతుకుతున్నాను, దాన్ని ఇంత కష్టపడి తీసేయించావు. నిన్ను తప్పుపట్టే హక్కు నాకు లేదు. పడుతున్నాను.

నీ దగ్గరికి రమ్మనకు. నేను నీ ఇంట్లో ఉన్నానని తెలిస్తే, అమ్మకి ఒక చోటు దొరికింది కదా అని వాడు ఇక ఎప్పటికీ రాడు. ఇక్కడుంటే ఎప్పుడైనా ఒక ఆదివారం భయపడి అయినా వస్తాడు.

చెల్లెలు


జెరాక్స్ షాపు
చలి మొదలైంది

చెల్లీ,

నీ ఉత్తరం ఇతను సగం చదివి ఆపేశాడు. అద్దం సంగతి దగ్గర. 'మిగతాది రేపు చదువుతాను అమ్మా' అన్నాడు. చదువు అన్నాను. చదివాడు. నాకు ఏడుపు రాలేదు. ఇతనికి వచ్చింది. ఒక మనిషి ఎవరో బీమా కాగితాలు జెరాక్స్ తీయించుకోవడానికి వచ్చి, ఇతన్ని చూసి కాగితాలు తీసుకుని వెళ్ళిపోయాడు. మన వల్ల ఇతని వ్యాపారం కూడా పోతోంది.

తెలుసా నీకు. ఇన్ని నెలలూ తెలుసా. నేను బస్సెక్కి, మెట్లెక్కి, ఇతని ముందు కూర్చుని గొంతు చించుకుని, వాడి గుమ్మం ముందు దగ్గి, నేను దోషిని కాదు మొర్రో అని మొత్తుకుంటుంటే, నువ్వు అక్కడ కూర్చుని అన్నీ తెలిసి చదువుకున్నావు. జవాబులు కూడా రాశావు. ఎవర్ని ఎంచుకోవాలి అని నన్నే అడిగావు. నువ్వు ఎంచేసుకున్నాక.

నువ్వు ఇప్పుడు నా ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేదాన్ని. 'ఇది రాయనా అమ్మా' అంటున్నాడు. రాయి.

వాడు నన్ను గట్టిదానివి అన్నాడు, మొయ్యమన్నాడు. నేను మొయ్యనన్నాను. నువ్వు అడగనైనా అడగకుండా నా నెత్తిన పెట్టావు. వాడు నీ కొడుకేనే. సందేహం లేదు.

ఆ పాఠాలు మళ్ళీ పెట్టమని వాడి కాళ్ళు పట్టుకుంటానేమో అని ఎదురుచూడకు. పట్టుకోను. పట్టుకున్నా ముఖం చూపించడు. వాడి నోరు నీకు పోయింది. అది నా వల్లే పోయింది. ఆ మాట నేను మోస్తాను, అది నేను చేసిందే కాబట్టి. ఇంకేదీ మొయ్యను.

నా ఇంటికి రమ్మనను. నువ్వు అక్కడే కూర్చో, వాడికి ఎదురుచూసుకో. నేనే వస్తున్నాను, ఈ ఆదివారం. వాడు రాని ఆదివారాల్లో ఆ కుర్చీ ఖాళీగానే ఉంటుంది కదా. తలుపు తియ్యక్కర్లేదు. నువ్వు తియ్యవని తెలుసు, తీస్తే నీ లెక్క తప్పుతుంది. మెట్లెక్కను, తలుపు కింద చెయ్యి పెట్టను. నీ గది కిటికీ రోడ్డు వైపు ఉంది, పోయినసారి చూశాను. ఎదురుగా పంపుల సామాను కొట్టు ఉంది, దానికి అరుగు ఉంది. అక్కడ నిలబడతాను. అక్కడ పొద్దున వెలుతురు పక్కనుంచి పడుతుంది. మేష్టారైతే మెచ్చుకునేవాడు.

అక్కడ నిలబడి నిన్ను తిడతాను. నీ గురించి, వాడి గురించి, నా గురించి నోటికొచ్చినంతా అంటాను. కనుబొమలు ఎగరేస్తాను, మూతి వంకర పెడతాను, తల తిప్పుతాను. రోడ్డున పోయేవాళ్ళు పిచ్చిదనుకుంటే అనుకోనీ. కిటికీ తియ్యాలనుకుంటే తియ్యి. లేకపోతే అద్దంలోంచే చూడు, అద్దంలోంచి చదవడం నీకు బాగానే వచ్చుగా.

ఈసారి కదపొద్దని నాకు ఎవడూ చెప్పడు.

అక్క